నిప్పు లేనిదే పొగ రాదా? హిజ్రాల చరిత్రకి ఆధారాలు వెతికిన కథ

2018 మే నెలాఖరులో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని జనం కొట్టి చంపారు. మహబూబ్‌నగర్ వైపు నుంచి తోటివాళ్ళతో కలిసి నగరానికి వచ్చిన మనిషి ఆమె. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఆ రోజుల్లో వాట్సాప్‌లో ఒక పుకారు చక్కర్లు కొడుతూ ఉండేది. ఆధారమంతా అదే.

ఆ తర్వాత కొన్ని వారాలకి మా హేతువాద మిత్రులం ఒక చిన్న సభ పెట్టుకున్నాం. పుకార్లు ఎలా పుడతాయి, ఎలా పాకుతాయి అన్నది విషయం. నేనూ మాట్లాడాను. అయ్యాక డిగ్రీ చదివే కుర్రాడొకడు లేచి, "సార్, నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా. హిజ్రాలు పిల్లల్ని ఎత్తుకుపోతారని మా తాత కాలం నుంచీ అంటున్నారు. ఇన్నేళ్ళుగా అంటున్నారంటే ఏదో ఒకటి ఉండే ఉంటుంది కదా?" అన్నాడు.

నేను చాలాసేపు జవాబు చెప్పాను. అంతసేపు చెప్పానంటేనే నా దగ్గర సరుకు లేదని అర్థం. మూఢనమ్మకం అన్నాను, మెజారిటీ మనస్తత్వం అన్నాను, బ్రిటిష్ వాళ్ళు రాకముందు మన దేశంలో హిజ్రాలకి ఎంతో గౌరవం ఉండేదనీ, అంతా వాళ్ళే చెడగొట్టారనీ అన్నాను. కుర్రాడు తల ఊపి కూర్చున్నాడు. ఇంటికి వెళ్తుంటే దారిలో నాకే సిగ్గేసింది. ఎదుటివాణ్ణి ఏ రోజైనా "ఆధారం ఏది?" అని నిలదీసే నేను, చెప్పిన మూడు ముక్కల్లో ఒక్కదానికి కూడా ఆధారం చూపలేను. పైగా చిన్నప్పుడు మా అమ్మమ్మ, "ఎండలో తిరక్కు, వాళ్ళు పట్టుకుపోతారు" అని చెప్పిన మాట నాలో ఎక్కడో ఇంకా ఉంది. రైల్లో వాళ్ళు ఎక్కగానే పక్కనున్న పిల్లవాడి మీద చెయ్యి వేసిన సందర్భం ఒకటి నాకు బాగా గుర్తు.

అందుకని వెతకడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ వెతుకులాట గురించే. ఇలాంటి విషయాల మీద తెలుగులో గూగుల్ చేస్తే ఏం వస్తుందో మీకు తెలుసు: ఒక వంతు బూతు, ఒక వంతు వైద్యం పేరుతో బూతు, మిగిలింది పురాణం. కాబట్టి ఎవరైనా ఇదే దారిలో వెళ్ళాలనుకుంటే కొంత పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట తెలిసిన సంగతి, సరైన మాట తెలియకపోతే ఏమీ దొరకదని. "హిజ్రా" అని వెతికితే పందొమ్మిదో శతాబ్దపు కాగితాలు బయటికి రావు. ఆ కాగితాల్లో ఉన్న మాట "యూనక్". ఇది పెద్ద గంప. హిజ్రాలతో పాటు నవాబుల అంతఃపురాల్లో అధికారం చేసిన ఖ్వాజాసరాలనీ, ఆడవేషం కట్టే కళాకారులనీ, ఇంగ్లీషు దొర కంటికి మగతనం తక్కువగా కనిపించిన ప్రతి మనిషినీ అందులో పడేశారు. మన వైపు పాత సాహిత్యంలో పేడి, షండుడు, నపుంసకుడు అని రకరకాల మాటలు. ఒకటి పుట్టుకని చెబుతుంది, ఒకటి వైద్యుడి మాట, ఒకటి తిట్టు. వీటన్నిటినీ ఇవాళ్టి "ట్రాన్స్‌జెండర్" అనే ఒక్క మాటలోకి అనువాదం చేసుకుని చదివితే చరిత్ర తెలియదు, మన కోరిక తెలుస్తుంది.

దీనికి కామసూత్రమే మంచి ఉదాహరణ. 1883లో రిచర్డ్ బర్టన్ పేరుతో వచ్చిన ఇంగ్లీషు అనువాదం (నిజానికి అందులో ఎక్కువ కష్టం ఆర్బత్‌నాట్‌దీ, భగవాన్‌లాల్ ఇంద్రాజీ లాంటి మన పండితులదీ) "తృతీయా ప్రకృతి" అన్న చోట "యూనక్" అని రాసింది. వాత్స్యాయనుడు చెప్పింది నపుంసకత్వం గురించి కాదు, ఒక స్వభావం గురించి. 2002లో వెండీ డోనిగర్, సుధీర్ కక్కర్ చేసిన ఆక్స్‌ఫర్డ్ అనువాదం వచ్చేదాకా చాలామంది పాఠకులు దాదాపు నూట ఇరవై ఏళ్ళ నాటి పొరపాటునే చదువుతూ వచ్చారు. బజారులో దొరికే తెలుగు కామసూత్రాల సంగతి చెప్పకుండా ఉంటేనే మర్యాద.

బర్టన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో కథ. 1845లో సింధు పాలకుడు చార్లెస్ నేపియర్ తనని రహస్యంగా కరాచీలోని మగ వ్యభిచార గృహాల మీద విచారణకి పంపాడనీ, తాను వివరంగా నివేదిక ఇచ్చాననీ, అది బొంబాయి చేరి తన ఉద్యోగ జీవితాన్ని నాశనం చేసిందనీ బర్టన్ రాసుకున్నాడు. రాసింది నలభై ఏళ్ళ తర్వాత, తన వెయ్యిన్నొక్క రాత్రుల అనువాదానికి చివర జోడించిన వ్యాసంలో. ఈ "కరాచీ నివేదిక" మీద ఎన్ని పుస్తకాలు వాలాయో లెక్కలేదు. నేను కూడా ఒక ప్రసంగంలో దాన్ని సాక్ష్యంగా వాడాను. తీరా చూస్తే ఆ నివేదిక ఎవరికీ దొరకలేదు. దానికి సాక్షి బర్టన్ ఒక్కడే. అంజలీ అరోండేకర్ 2009లో రాసిన "ఫర్ ది రికార్డ్" అన్న పుస్తకం ఈ దొరకని కాగితం గురించే ఒక అధ్యాయం నడిపింది. లైంగికత చరిత్రలో అందరూ "పోయిన ఆధారం" కోసం ఎందుకంత ఆరాటపడతారు, దొరికిన కాగితాన్ని ఎందుకు సరిగ్గా చదవరు అన్నది ఆమె ప్రశ్న. అది చదివాక నా పాత ప్రసంగం కాగితాలు తీసి ఆ పేరా కొట్టేశాను.

దొరికిన కాగితాల్లో అతి ముఖ్యమైనది 1871 నాటి 27వ చట్టం, క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. మన ఎరుకల, యానాది, లంబాడీ కుటుంబాల పుణ్యమా అని తెలుగువాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. స్టువర్టుపురం కథ ఆ కోవలోదే. కానీ ఆ చట్టానికి రెండో భాగం ఒకటి ఉందని, అది పూర్తిగా "యూనక్‌"ల గురించి అని నాకు అప్పటిదాకా తెలియదు. చట్టం పూర్తి పాఠం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, పట్టుమని అరగంట పట్టదు చదవడానికి. 24వ సెక్షన్ ప్రకారం, పిల్లల్ని ఎత్తుకుపోయారనో, వృషణాలు కోశారనో, శిక్షాస్మృతి 377 కింద నేరం చేశారనో "సహేతుకంగా అనుమానించదగిన" యూనక్‌ల పేర్లతో, ఇళ్ళతో ఒక రిజిస్టరు పెట్టాలి. వాళ్ళ ఆస్తి వివరాలు రాసుకోవాలి. 26వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరులో పేరున్న మనిషి వీధిలో ఆడ దుస్తులతోనో నగలతోనో కనిపించినా, డబ్బుకి ఆడిపాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ళ దాకా జైలు. 27 ప్రకారం, పదహారేళ్ళ లోపు మగపిల్లవాడు వాళ్ళ ఇంట్లో ఉంటే మళ్ళీ రెండేళ్ళు. వాళ్ళు మైనరుకి సంరక్షకులు కాకూడదు, దత్తత తీసుకోకూడదు, వీలునామా రాయకూడదు.

గమనించండి. నేరం రుజువు కానక్కర్లేదు, అనుమానం చాలు. అనుమానం కలిగాక శిక్ష పడేది పిల్లవాణ్ణి ఎత్తుకుపోయినందుకు కాదు, చీర కట్టినందుకు. ఎత్తుకుపోవడానికి శిక్ష ఇండియన్ పీనల్ కోడ్‌లో అప్పటికే ఉంది. నిజంగా ఎత్తుకుపోయిన మనిషి దొరికితే ఈ కొత్త చట్టం అవసరమే లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. 2014లో సుప్రీం కోర్టు ఇచ్చిన నల్సా తీర్పు గొప్ప తీర్పు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులకి పునాది. కానీ చరిత్ర దగ్గర అది కాస్త తడబడింది. ఈ చట్టం హిజ్రా సమాజం మొత్తాన్ని పుట్టు నేరస్తులుగా ప్రకటించిందని రాస్తూ, చట్టం మొదటి భాగంలో తెగల గురించి ఉన్న మాటల్ని హిజ్రాలకి అంటించింది. రెండో భాగంలో ఉన్నది వేరే యంత్రం: మొత్తం సమాజం కాదు, అనుమానితుల జాబితా. కాగితం మీద తేడా చిన్నదే, అయితే పోలీసు చేతిలో అనుమానానికి అంచు ఉండదు కాబట్టి ఫలితం అందరి మీదా పడింది. అదే తీర్పు రాముడు వనవాసానికి వెళ్తూ "స్త్రీలూ పురుషులూ వెనక్కి వెళ్ళండి" అన్నాడనీ, హిజ్రాలు మాత్రం ఆగి ఉన్నారనీ, వాళ్ళకి దీవించే శక్తి ప్రసాదించాడనీ చెబుతుంది. వాల్మీకి రామాయణంలో ఈ కథ లేదు. హిజ్రాలు తమ గురించి తాము చెప్పుకునే మౌఖిక కథ అది. త్రేతాయుగానికి సాక్ష్యం కాదు గానీ, ఊరంతా వెలేసినప్పుడు ఒక సమూహం తన చోటుని ఎలా చెప్పుకుందో దానికి మంచి సాక్ష్యం. కొట్టిపారేయాల్సిన పని లేదు, ఏ ప్రశ్నకి జవాబో తెలుసుకుంటే చాలు.

సరే, కుర్రాడి ప్రశ్నకి వస్తాను. పొగ ఉంది, నిప్పు సంగతేమిటి?

దీనికి నాకు దొరికిన అసలైన పుస్తకం జెస్సికా హించీ 2019లో కేంబ్రిడ్జ్ ప్రచురణగా తెచ్చిన "గవర్నింగ్ జెండర్ అండ్ సెక్సువాలిటీ ఇన్ కొలోనియల్ ఇండియా". వాయవ్య రాష్ట్రాల (ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో ఎక్కువ భాగం) జిల్లా ఫైళ్ళన్నీ తిరగేసి రాసింది. కథ 1852లో మైన్‌పురీ జిల్లాలో భూరా అనే హిజ్రా హత్యతో మొదలవుతుంది. చచ్చిపోయింది హిజ్రా. కానీ విచారణ ముగిసేసరికి బోనులో నిలబడింది హిజ్రా సమాజం. జడ్జీలు హంతకుడి గురించి కంటే హతురాలి బతుకు గురించి ఎక్కువ రాశారు: వీళ్ళు అదుపులో ఉండని జనం, నీతి తప్పినవాళ్ళు, సంచారులు, రాజ్యానికి మచ్చ. అక్కణ్ణుంచి పంతొమ్మిదేళ్ళలో చట్టం వచ్చింది. అధికారుల అంతిమ ఉద్దేశం ఏమిటో వాళ్ళ ఉత్తరాల్లోనే ఉంది. కొత్తవాళ్ళు చేరకుండా చేస్తే ఈ జాతి మెల్లగా అంతరించిపోతుందని. పిల్లల్ని కాపాడటం అన్నది ఆ పథకానికి గౌరవనీయమైన ముఖం.

మరి పిల్లలు? ఆ రాష్ట్రాల్లో అధికారులు వేసుకున్న అంచనా ప్రకారం హిజ్రాల సంఖ్య దాదాపు 2,500. 1860 నుంచి 1880 దాకా, అంత వెతుకులాటలో, రిజిస్టరైన వాళ్ళ ఇళ్ళల్లో దొరికిన మగపిల్లలు 90 నుంచి 100 మంది. వాళ్ళలో వృషణాలు కోసిన దాఖలాలు ఉన్నవాళ్ళు బహు కొద్దిమంది. చాలామంది తమ కన్నవాళ్ళతోనే ఉన్నారు. హిజ్రాలతో కలిసి పాడే వాద్యగాళ్ళ పిల్లలు, ఒకే ఇంట్లో కాపురమున్న కుటుంబాల పిల్లలు. కరువులో వదిలేసిన అనాథలు, అమ్మబడినవాళ్ళు కూడా లేకపోలేదు. బానిసత్వం, పిల్లల అమ్మకం ఉన్న సమాజంలో హిజ్రాలు మాత్రమే దానికి దూరంగా ఉన్నారని నేను చెప్పను, చెబితే అది మళ్ళీ ప్రసంగం అవుతుంది. కానీ ఇరవై ఏళ్ళ పోలీసు దస్తావేజులు, ఆరోపణని నమ్మి దాన్ని రుజువు చెయ్యాలని కూర్చున్న వాళ్ళ చేత్తో రాసినవి, తేల్చింది ఇంత. చట్టం వచ్చాక ఆ ఇళ్ళలోంచి పిల్లల్ని బలవంతంగా తీసుకుపోయింది మాత్రం పోలీసులే.

న్యాయస్థానంలో ఈ అనుమానం ఎలా పనిచేసిందో చూడాలంటే 1884 నాటి ఖైరాతీ కేసు చదవాలి. మొరాదాబాదు వైపు ఒక ఇంట్లో ఆడవాళ్ళ బట్టల్లో పాడుతున్న మనిషిని పట్టుకున్నారు. డాక్టరు పరీక్ష చేయించారు. సెషన్స్ కోర్టు 377 కింద శిక్ష వేసింది. నేరం ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ? ఏదీ లేదు. అలహాబాదు హైకోర్టు ఆ కారణంగానే శిక్ష కొట్టేసింది. కొట్టేస్తూ కూడా, పోలీసుల ఉద్దేశాన్ని మెచ్చుకుంది. 377కి ఇది మొదటి ముఖ్యమైన కేసుల్లో ఒకటని పాఠాలు చెబుతారు. అరోండేకర్ గుర్తు చేసినట్టు, అది విఫలమైన కేసు.

ఇక నా మూడో ముక్క, బ్రిటిష్ వాళ్ళకి ముందు అంతా స్వర్ణయుగం అన్నది. ఇదీ నిలబడలేదు. మనుస్మృతి క్లీబుడికి ఆస్తిలో వాటా లేదంది. బౌద్ధ వినయ పిటకం పండకులకి భిక్షుదీక్ష ఇవ్వొద్దంది. అలాగని అంతా చీకటి కూడా కాదు. లారెన్స్ ప్రెస్టన్ 1987లో "మోడరన్ ఏషియన్ స్టడీస్" పత్రికలో రాసిన వ్యాసం ప్రకారం, మరాఠా రాజ్యంలో హిజ్రాలకి ఫలానా గ్రామాల్లో ఇంతంత వసూలు చేసుకునే వంశపారంపర్యపు హక్కు ఉండేది, సనదులు కూడా ఉండేవి. మన చాకలి, మంగలి మిరాసీల్లాగే. బొంబాయి ప్రభుత్వం ఆ హక్కుల్ని ఇక గుర్తించనంది. అంటే పోయింది పూజ కాదు, ఒక ఆదాయం. "దేవతల్లా చూశారు" అన్నదాని కంటే ఇది నాకు ఎక్కువ ఉపయోగపడింది. ఎందుకంటే హక్కుగా వసూలు చేసిన మనిషి, హక్కు పోయాక అదే పని చేస్తే దాని పేరు అడుక్కోవడం, బెదిరించడం అవుతుంది.

ఇదంతా ఉత్తరాది, మనకేమిటి అనుకుంటుండగా తగిలింది హైదరాబాదు చట్టం. దీన్ని నేను "1919" అని చాలాసార్లు వెతికి భంగపడ్డాను. నిజాం కాలపు కాగితాల్లో ఏళ్ళు ఫసలీలో ఉంటాయి. దీని పేరు 1329 ఫసలీ తెలంగాణ ప్రాంత యూనక్స్ చట్టం. 590 కలిపితే 1919. పాఠం దాదాపుగా 1871 మూసే: నగరంలో నివసించే యూనక్‌లలో పిల్లల్ని ఎత్తుకుపోతారని అనుమానం ఉన్నవాళ్ళకి రిజిస్టరు, ఆడ దుస్తులకి వారంటు లేని అరెస్టు, పదహారేళ్ళ లోపు పిల్లవాడు ఇంట్లో ఉంటే జైలు. బెర్లిన్‌లో మాగ్నుస్ హిర్ష్‌ఫెల్డ్ లైంగిక శాస్త్రానికి పరిశోధన సంస్థ తెరిచిన సంవత్సరమే ఇదీ (దాన్ని 1933 మేలో నాజీలు కొల్లగొట్టి పుస్తకాలు తగలబెట్టారు, అది వేరే కథ).

నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, పోయింది. ఈ చట్టం మాత్రం పోలేదు. చాంద్రాయణగుట్టలో ఆమెని కొట్టిన రోజున కూడా అది చట్టాల పుస్తకంలో ఉంది. వాట్సాప్‌లో తిరిగిన అబద్ధమూ, ప్రభుత్వపు చట్టమూ ఒకే మాట చెబుతున్నాయి. 2018లో ట్రాన్స్ హక్కుల కార్యకర్తలు హైకోర్టుకి వెళ్ళారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అంటే నూట నాలుగేళ్ళు. ఆ తీర్పు వచ్చిన రోజు మన తెలుగు చానెళ్ళలో ఎంతసేపు చూపించారో మీరే గుర్తు చేసుకోండి.

పోలీసు కాగితాలు చదివీ చదివీ మనకి కూడా పోలీసు చూపు వస్తుంది. దానికి విరుగుడు వేరే రకం పుస్తకాలు. గాయత్రీ రెడ్డి 2005లో తెచ్చిన "విత్ రెస్పెక్ట్ టు సెక్స్" మన హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల మధ్య ఏళ్ళ తరబడి తిరిగి రాసినది. ఆమె పుస్తకంలో హిజ్రాలు ఎక్కువగా మాట్లాడేది లైంగికత గురించి కాదు, ఇజ్జత్ గురించి. ఎవరు ఎవరి చేలా, ఎవరు పెద్దింటివాళ్ళు, బధాయికి వెళ్ళేవాళ్ళకీ ఒళ్ళు అమ్ముకునేవాళ్ళకీ తేడా ఏమిటి. "మూడో లింగం" అని అంతకుముందు పండితులు కట్టిన గూట్లో వాళ్ళు ఇమడరని చూపించింది. ఇంకోటి, తమిళ రచయిత్రి ఎ. రేవతి ఆత్మకథ. పి. సత్యవతి గారు "ఒక హిజ్రా ఆత్మకథ" పేరుతో తెలుగులోకి తెచ్చారు, ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఇంగ్లీషు రానివాళ్ళు ఇక్కడ మొదలుపెట్టొచ్చు. వచ్చినవాళ్ళు కూడా ఇక్కడే మొదలుపెడితే మంచిది.

ఇవన్నీ కొనాలంటే నా పెన్షన్ చాలదు. కేంబ్రిడ్జ్ పుస్తకం ధర చూసి ఒకసారి కళ్ళద్దాలు తుడుచుకున్నాను. కానీ దారులున్నాయి. జేస్టోర్‌లో ఉచిత ఖాతా తెరిస్తే కొన్ని వ్యాసాలు తెర మీద చదువుకోవచ్చు, ప్రెస్టన్ వ్యాసం లాంటి పాతవి అలా దొరుకుతాయి. మన విశ్వవిద్యాలయాల పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో ఉచితం. జాతీయ అభిలేఖాగారం కాగితాలు అభిలేఖ్ పటల్‌లో కొన్ని పెట్టారు. అన్నిటికంటే చవకైనది ఫుట్‌నోట్. ఒక మంచి పుస్తకం పట్టుకుని, దాని అడుగున ఉన్న చిన్న అక్షరాల వెంట వెళ్తే మరో పది దొరుకుతాయి. రచయితలకి మర్యాదగా ఉత్తరం రాస్తే చాలామంది తమ వ్యాసం పంపుతారు కూడా.

ఆ కుర్రాడి నంబరు సభ పెట్టిన మిత్రుల దగ్గర తీసుకున్నాను. ఇప్పుడు ఏదో పరీక్షకి చదువుతున్నాడట. 1871 చట్టం 24వ సెక్షన్, 1329 ఫసలీ చట్టం మొదటి పేజీ ఫొటో తీసి, "సహేతుకంగా అనుమానించదగిన" అన్న చోట ఎర్ర గీత గీసి పంపాను. కింద రెండు వాక్యాలు రాశాను: నువ్వడిగిన రోజు నాకు జవాబు తెలియదు, తెలిసినట్టు మాట్లాడాను. పొగ పెట్టిన తేదీ, సెక్షన్ నంబరు ఇవిగో.

సాయంత్రానికి జవాబు వచ్చింది: "సార్, 1329 అంటే ఏ సంవత్సరం?"